కాలేజీ కోచ్‌తో ఏం మాట్లాడాలి, ఎవరు మాట్లాడాలి

మా అమ్మాయి టెన్త్ గ్రేడ్ అయిపోయిన వేసవిలో తన టీమ్‌లోకి తీసుకునే విషయం మాట్లాడటానికి ఒక అమెరికా కాలేజీ టెన్నిస్ కోచ్ మొదటిసారి ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్ చేసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాం. తను ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో నేను రాసిచ్చిన కాగితం. రెండు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత ఆయన "మా టీమ్ డబుల్స్‌కి ఇచ్చే ప్రాధాన్యం నచ్చిందని రాశావు కదా, ఏం చూసి అలా అనిపించింది?" అనడిగాడు. అది నేను రాసిన వాక్యం. ఆ మెయిల్ వెళ్లే ముందు తను చదవను కూడా లేదు. నేను గబగబా కాగితం మీద ఏదో గీకుతుంటే ఆ చప్పుడు కూడా ఆయనకి వినబడే ఉంటుంది. పిల్ల నీళ్లు నమిలింది. ఆయన చాలా మర్యాదగా మాట ముగించాడు, ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఒక్క మెయిల్ కూడా రాలేదు.

ఆ రోజు నుంచి తను కాలేజీలో చేరేదాకా మేం నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మాది టెన్నిస్ కాబట్టి ఉదాహరణలు అక్కణ్నుంచే వస్తాయి, స్విమ్మింగ్, గోల్ఫ్, ట్రాక్, ఫెన్సింగ్ ఆడేవాళ్లకీ చాలావరకు ఇదే దారి. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వేరే లోకం, వాటి జోలికి పోవడం లేదు. క్రికెట్, బ్యాడ్మింటన్ ఆడే పిల్లల అమ్మానాన్నలు కూడా నన్ను అడుగుతుంటారు, వాళ్లకి ముందే చెప్పేస్తున్నా: ఆ రెండింటికీ అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏలో చోటు లేదు. కాలేజీ క్లబ్బులో ఆడుకోవచ్చు, అప్లికేషన్‌లో గొప్పగా రాసుకోవచ్చు, కానీ ఇక్కడ నేను చెప్పే కోచ్ దారి వాటికి వర్తించదు. స్క్వాష్‌కి కూడా ఎన్‌సీఏఏ చాంపియన్‌షిప్ లేదు గానీ దానికి వేరే సంఘం ఉంది, ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది) కాలేజీలు స్క్వాష్ ఆడే పిల్లల్ని బాగానే తీసుకుంటాయి.

మెయిల్ ఎవరు రాయాలి

పిల్లలే రాయాలి. అంతే. కోచ్ నాలుగేళ్లు వేగాల్సింది పిల్లతో, మనతో కాదు. ఆరు గంటలు బస్సులో కూర్చుని వెళ్లి, ఓడిపోయి, అర్ధరాత్రి తిరిగొచ్చి, పొద్దున్నే ప్రాక్టీసుకి రమ్మంటే మొహం మాడ్చుకోకుండా వచ్చే మనిషా కాదా అని ఆయన చూస్తుంటాడు. మనం రాసిన మెయిల్ చదవగానే ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదో ఆయనకి తెలిసిపోతుంది. మనం దాచామనుకుంటాం గానీ మన ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు: "రెస్పెక్టెడ్ సర్", "కైండ్లీ", "డూ ద నీడ్‌ఫుల్". పదహారేళ్ల పిల్ల అలా రాయదు.

సరే, పిల్లల చేత రాయించడం ఎంత కష్టమో నాకు తెలుసు. వాళ్లకి మెయిల్ అంటే స్కూలు నుంచి వచ్చే చెత్త పడే చోటు. మా ఇంట్లో చివరికి కుదిరిన పద్ధతి ఇది: ఆదివారం సాయంత్రం నలభై నిమిషాలు, తన పక్కన నేను కూర్చుంటాను, కానీ కీబోర్డు ముట్టుకోను. కోచ్ పేరు స్పెల్లింగు, కాలేజీ పేరు ఈ రెండే నేను సరిచూస్తాను. నవ్వకండి, ఒక కాలేజీకి రాసిన మెయిల్ కాపీ చేసి ఇంకో కాలేజీకి పంపి, లోపల పాత కాలేజీ పేరు మార్చకుండా వదిలేసే వాళ్లు లెక్కలేనంతమంది. కోచ్‌లు ఆ మెయిల్ అక్కడితో ఆపేస్తారు.

దీనికోసం వేరే మెయిల్ ఐడీ తెరవండి, పేరు, హైస్కూలు పూర్తయ్యే ఏడాది ఉంటే చాలు. అది అమ్మానాన్నల ఫోన్లో కూడా తెరిచి ఉండొచ్చు, చదవచ్చు, కానీ జవాబు మాత్రం మీరు ఇవ్వకూడదు. కోచ్ రాస్తే ఒక రోజు దాటకుండా పిల్ల జవాబివ్వాలి, "ఈ వారం పరీక్షలున్నాయి, శుక్రవారం రాస్తాను" అన్న ఒక్క లైనైనా సరే. అన్నట్టు, ఇంకో చిన్న విషయం, ఇది మన ఇళ్లలోనే ఎక్కువ: టోర్నమెంట్ రికార్డుల్లో ఒక పేరు, స్కూలు ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఇంకో పేరు, ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక. కోచ్ వెతికితే పిల్ల దొరకదు. మెయిల్ కింద సంతకంలో రికార్డుల్లో ఉన్న పేరే పెట్టండి.

మరి మన పనేంటంటే, చాలా ఉంది. ఏ కాలేజీకి ఎప్పుడు రాశాం, ఏం జవాబొచ్చింది అన్న షీటు, ప్రయాణాలు, డబ్బు లెక్కలు, ట్రాన్స్‌క్రిప్ట్ కాపీలు. కోచ్‌తో నేరుగా మాట్లాడాల్సింది డబ్బు విషయం వచ్చినప్పుడు, అది కూడా పిల్ల పక్కన ఉన్నప్పుడు.

ఎవరికి రాయాలి

ఎన్‌సీఏఏ కాలేజీలు మూడు డివిజన్లుగా ఉంటాయి. డివిజన్ 1 అంటేనే ఆట, మిగతావి అన్నీ నాసిరకం అనుకునే జబ్బు మనకి బాగా ఉంది. మా అమ్మాయితో ఆడిన పిల్లల్లో డివిజన్ 1 లో చేరి నాలుగేళ్లు బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఉన్నారు, డివిజన్ 3 లో చేరి మొదటి ఏడాదే సింగిల్స్ ఆడినవాళ్లు ఉన్నారు. డివిజన్ 1, 2 కాలేజీలు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, డివిజన్ 3 ఇవ్వదు. ఐవీ లీగ్ డివిజన్ 1 లోనే ఉన్నా ఆటకి డబ్బు ఇవ్వదు, కుటుంబ ఆదాయం చూసి ఇచ్చే సాయమే ఉంటుంది. ఇవి కాక ఎన్ఏఐఏ అనే వేరే సంఘంలోని కాలేజీలు, రెండేళ్ల జూనియర్ కాలేజీలు కూడా ఉన్నాయి, వాటిలోనూ స్కాలర్‌షిప్పులుంటాయి.

జాబితా వేసుకునే ముందు టీమ్ వెబ్‌సైటులో రోస్టర్, అంటే ఆటగాళ్ల జాబితా, తెరిచి చూడండి. ఎవరు చివరి ఏడాదిలో ఉన్నారు, మీ పిల్ల చేరే ఏడాదికి ఎన్ని ఖాళీలు వస్తాయి, ఇప్పుడు ఐదు, ఆరు స్థానాల్లో ఆడేవాళ్ల యూటీఆర్ ఎంత, చూడండి. యూటీఆర్ అంటే 16.50 దాకా వెళ్లే టెన్నిస్ రేటింగు, అందులో అబద్ధం ఆడటానికి లేదు. ఆరో స్థానంలో ఆడే అమ్మాయి 9 దగ్గరుండి, మీ పిల్ల 6 దగ్గరుంటే మెయిల్ ఎంత ముద్దుగా రాసినా ఉపయోగం లేదు. స్విమ్మింగ్ వాళ్లకి ఇంకా తేలిక, ఆ కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల గుంపు) ఫైనల్లో ఎన్ని సెకన్లకు పాయింట్లు వచ్చాయో చూసుకుంటే చాలు. ఇంకొకటి, డివిజన్ 1 టెన్నిస్‌లో సగానికి పైగా ఆటగాళ్లు వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లే, ఆ పైన వేరే కాలేజీల నుంచి మారి వచ్చే పిల్లలు. అంటే మన ఊరి ర్యాంకింగులో మొదటి పదిలో ఉన్నంత మాత్రాన కోచ్ దృష్టిలో పడతామని లేదు.

మేం ముప్ఫై దాకా కాలేజీలతో మొదలుపెట్టాం. అందులో సగం "రావచ్చు" అనిపించేవి, కొన్ని అందనంత ఎత్తులో ఉన్నవి, కొన్ని ఖాయంగా తీసుకుంటారనిపించేవి. అన్నిటికీ ఒకే ప్రశ్న వేసుకున్నాం: మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోతే కూడా పిల్ల ఈ కాలేజీలో చదువుతుందా? కాదనిపిస్తే జాబితాలోంచి తీసేశాం.

మొదటి మెయిల్

పొట్టిగా ఉండాలి. ఫోన్ తెర మీద రెండుసార్లు వేలితో తోస్తే అయిపోవాలి. సబ్జెక్ట్ లైన్లోనే సగం పని జరగాలి: హైస్కూలు పూర్తయ్యే ఏడాది, పేరు, రాష్ట్రం, ఒక అంకె. ఆ అంకె టెన్నిస్‌లో యూటీఆర్, స్విమ్మింగ్‌లో టైము, గోల్ఫ్‌లో స్కోరింగ్ యావరేజ్. "ఎంతో ఉత్సాహంతో రాస్తున్నాను" లాంటి సబ్జెక్టులు తెరవరు.

మా అమ్మాయి రాసిన వాటిలో ఎక్కువ జవాబులు తెచ్చిన మెయిల్ ఇంచుమించు ఇలా ఉండేది. రాసింది ఇంగ్లీషులోనే అనుకోండి, ఏడాది మార్చాను, విషయం మాత్రం ఇదే:

"కోచ్, నేను ఫలానా, 2027 లో హైస్కూలు పూర్తవుతుంది. యూటీఆర్ 8.4, ఏడాది కింద 7.1 ఉండేది. పోయిన నెల మీ టీమ్ కాన్ఫరెన్స్ సెమీఫైనల్ ఆన్‌లైన్లో చూశాను. మూడో డబుల్స్‌లో మీ అమ్మాయిలు రిటర్న్ కొట్టగానే ఇద్దరూ నెట్ దగ్గరికి వచ్చేయడం నచ్చింది, నేనూ అలాగే ఆడతాను, దాంతో అప్పుడప్పుడు తల మీదుగా లాబ్ తింటాను కూడా. బయాలజీ చదవాలని ఉంది. జీపీఏ ఇంత, ఎస్‌ఏటీ ఇంత. ఒక పూర్తి సెట్ వీడియో లింకు కింద ఉంది. వచ్చే రెండు నెలల్లో ఆడే టోర్నమెంట్లు ఇవి. 2027 కి మీరు ఎంతమందిని తీసుకుంటున్నారో, నా స్థాయి సరిపోతుందో చెప్పగలరా?"

అందులో నాకు మొదట నచ్చని వాక్యం లాబ్ తింటాను అన్నది. మన బలహీనత మనమే చెప్పుకోవడం ఏంటని వాదించాను. "నాన్నా, వీడియోలో ఎలాగూ కనిపిస్తుంది" అంది. తీరా చూస్తే కనీసం ఇద్దరు కోచ్‌లు ఆ వాక్యం పట్టుకునే జవాబు రాశారు. ఒకాయన "లాబ్ సంగతి మేం చూసుకుంటాంలే" అన్నాడు.

చివర్లో ఉన్న ప్రశ్న చూశారా, అది ముఖ్యం. "మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను" అని ముగిస్తే ఆయన రాయడానికి ఏమీ ఉండదు. ప్రశ్న ఉంటే అవుననో కాదనో ఏదో ఒకటి రాస్తాడు.

వీడియోకి వేలకు వేలు పోసి సంగీతం పెట్టి స్లో మోషన్‌లో చేయించేవాళ్లున్నారు. టెన్నిస్ కోచ్‌కి అది అక్కర్లేదు. బేస్‌లైన్ వెనక కాస్త ఎత్తులో ఫోను కట్టి, పాయింట్ల మధ్య సమయం మాత్రం కత్తిరించి, ఓడిన పాయింట్లు కూడా ఉంచి పంపండి. పాయింటు పోయాక పిల్ల రాకెట్ విసురుతుందా, తల దించుకుని నడుస్తుందా అన్నది వాళ్లు చూస్తారు. మీరు కంచె బయట నిలబడి అరిచే మాటలు కూడా అందులో రికార్డవుతాయి, గుర్తుంచుకోండి. తెలుగులో తిట్టినా గొంతు చాలు.

హెడ్ కోచ్‌తో పాటు అసిస్టెంట్ కోచ్‌కి కూడా అదే మెయిల్‌లో పంపండి, చాలా చోట్ల మెయిల్స్ చూసేది అసిస్టెంటే. టీమ్ వెబ్‌సైటులో రిక్రూటింగ్ ఫారం ఉంటే అది కూడా నింపండి. విసుగ్గా ఉంటుంది, కానీ కొన్ని కాలేజీల్లో అది నింపితేనే పేరు వాళ్ల సిస్టంలోకి ఎక్కుతుంది. జవాబు రాకపోతే రెండు మూడు వారాలు ఆగి మళ్లీ రాయాలి, "నా మెయిల్ చూశారా" అని కాకుండా ఏదైనా కొత్త సంగతితో: ఒక గెలుపు, ఒక కొత్త రేటింగు, కొత్త వీడియో. మూడు సార్లు రాసినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆ కాలేజీని పక్కన పెట్టేయడమే.

జవాబు రాకపోవడానికి తేదీలు కూడా కారణమే

నైన్త్ గ్రేడ్‌లోనే రాసి, జవాబు రాలేదని బెంగపడేవాళ్లని చూశాను. డివిజన్ 1 లో టెన్నిస్‌తో సహా చాలా ఆటలకి సోఫమోర్ ఏడాది (టెన్త్ గ్రేడ్) తర్వాత వచ్చే జూన్ 15 దాకా కోచ్ రిక్రూటింగ్ గురించి పిల్లలకి రాయకూడదు, ఫోన్ చేయకూడదు. క్యాంపు కరపత్రం, ఫారం లాంటివి పంపొచ్చు. డివిజన్ 2 కి కూడా జూన్ 15 నే. డివిజన్ 3 కోచ్‌లకి మెయిల్, ఫోను విషయంలో ఇలాంటి అడ్డు లేదు. బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, లక్రాస్, ఐస్ హాకీ లాంటి వాటికి తేదీలు వేరు, మీ ఆటకి ఏదో ఎన్‌సీఏఏ సైటులో చూసుకోండి. పిల్లలు రాయడానికి మాత్రం ఏ తేదీ అడ్డూ లేదు, కాబట్టి జూన్ 15 కి ఒకటి రెండు నెలల ముందు రాసి పెడితే ఆ రోజు కోచ్ దగ్గరున్న జాబితాలో పేరు ఉంటుంది. ఆ రోజు ఫోన్ మోగకపోతే పిల్ల మొహం చూడలేం, నిజమే. మాకూ మోగలేదు, మొదటి ఫోన్ వచ్చింది పదకొండు రోజుల తర్వాత, దాని సంగతి పైన చెప్పాను కదా.

జవాబుని ఎలా చదవాలి

ఇక్కడే అందరూ మోసపోతాం. కోచ్ మోసం చేశాడని కాదు, అమెరికా మర్యాదని మనం మాటివ్వడం అనుకుంటాం. "నీ ఆట చాలా బాగుంది, టచ్‌లో ఉందాం" అంటే దాదాపు ఏమీ లేనట్టే. "మా క్యాంపుకి రా" అన్న మెయిల్ వందల మందికి వెళ్తుంది, అందులో పిల్ల పేరు తప్ప ఇంకేమీ లేకపోతే అది క్యాంపు అమ్మకమే. పోవద్దని కాదు, ముందు ఒక మెయిల్ రాసి "నా వీడియో చూశారా, 2027 కి నన్ను పరిశీలిస్తున్నారా" అని అడిగి, ఆ జవాబును బట్టి వందల డాలర్లు ఖర్చుపెట్టండి.

కాస్త నిజమైన ఆసక్తి ఉంటే ఆయన ప్రశ్నలు వేస్తాడు. ఎవరి దగ్గర కోచింగ్, వచ్చే టోర్నమెంట్ ఎక్కడ, ఏ రోజు మాట్లాడదాం. అంతకంటే గట్టి గుర్తు: ట్రాన్స్‌క్రిప్ట్ పంపమనడం. ట్రాన్స్‌క్రిప్ట్ ఊరికే అడగరు, దాన్ని తీసుకెళ్లి అడ్మిషన్స్ వాళ్లకి చూపించాలంటే వాళ్లకీ లెక్కుంటుంది. ఇక పిల్ల ఆట చూడటానికి కోచ్ ప్రయాణం పెట్టుకుని వచ్చాడంటే, ఖర్చు కాలేజీ పెట్టుకుని అఫిషియల్ విజిట్‌కి పిలిచాడంటే, పని ముదిరినట్టే. టోర్నమెంటులో కోచ్ కనబడితే మీరు పరుగెత్తి వెళ్లి చేయి కలపొద్దు. పోటీ నడుస్తుండగా కోచ్‌లు మాట్లాడకూడదని నిబంధనలుంటాయి, తల తిప్పుకుని వెళ్లిపోతే అది అవమానం కాదు.

ఫోన్ కాల్

మొదటి కాల్ చెడిపోయాక మా అమ్మాయి ఒక షరతు పెట్టింది: నేను ఇంట్లో ఉండకూడదు. చెప్పులేసుకుని రోడ్డు మీద తిరిగేవాణ్ని. తను తలుపేసుకుని, ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసుకుని మాట్లాడేది. వాక్యాలు కాదు, మాటలే. వాక్యాలు రాసుకుంటే చదివినట్టు ఉంటుందని తనే కనిపెట్టింది.

కోచ్‌ని "కోచ్" అనే పిలవాలి, సర్, మేడమ్ అక్కర్లేదు. ఆయన అడిగేవి పెద్ద కష్టమైనవి ఉండవు, ఎందుకు మా కాలేజీ, ఏం చదువుతావు, ఆటలో ఏం మెరుగుపడాలి, ఇంకా ఎవరితో మాట్లాడుతున్నావు. ఆ చివరిదానికి నిజం చెప్పాలి. కోచ్‌లు ఒకరికొకరు తెలుసు, ఒకే టోర్నమెంటులో పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. లేని ఆఫర్ ఉందని చెబితే సాయంత్రానికి బయటపడుతుంది.

పిల్ల అడగాల్సినవి కూడా ఉండాలి. వారానికి ఎన్ని గంటలు, ల్యాబ్ క్లాసులు ప్రాక్టీసుతో ఢీకొంటే ఏం చేస్తారు, పోయినేడు చేరినవాళ్లలో ఎంతమంది ఇంకా టీమ్‌లో ఉన్నారు. ఇంకో ప్రశ్న కూడా ఉంది, దాన్ని మొదటి కాల్‌లో అడగక్కర్లేదు గానీ రెండోదానికి తప్పక అడగాలి: "మీ 2027 జాబితాలో నేను ఎక్కడున్నాను?" మన పిల్లలకి ఇది నోట్లోంచి రాదు. పెద్దవాళ్లని అలా అడగడం తలబిరుసు అని మనమే పెంచాం. అడగందే అమ్మైనా పెట్టదు అన్నది కూడా మన సామెతే కదా. కోచ్‌లు దీన్ని తప్పుగా తీసుకోరు, చాలామంది టకటకా చెప్పేస్తారు: "ఇద్దరు కావాలి, నువ్వు నాలుగో పేరు, పైన ఇద్దరు వేరే చోటికి వెళ్తే నీ వంతు." మా అమ్మాయికి ఒక కోచ్ అచ్చం ఇలాగే చెప్పింది. పిల్ల ఏడ్చింది, తర్వాత ఆ కాలేజీని పక్కన పెట్టి మిగతా వాటి మీద పడింది. ఆ స్పష్టత లేకపోతే ఇంకో నాలుగు నెలలు గాల్లో మేడలు కట్టుకుంటూ ఉండేవాళ్లం.

అడ్మిషన్స్‌లో కోచ్ మాట ఎంత

సీటు ఇచ్చేది కోచ్ కాదు, అడ్మిషన్స్ ఆఫీసు. ఈ ఒక్క మాట అర్థం కాక ఎన్ని ఇళ్లలో ఏప్రిల్ నెలలో గొడవలయ్యాయో. చదువులో గట్టి పేరున్న కాలేజీల్లో ప్రీ-రీడ్ అని ఒకటి ఉంటుంది. జూనియర్ ఏడాది (లెవెన్త్ గ్రేడ్) అయ్యాక, ఐవీల్లో జూలై 1 నుంచి, కోచ్ మీ పిల్ల ట్రాన్స్‌క్రిప్ట్, టెస్ట్ స్కోర్లు, సీనియర్ ఏడాదిలో (ట్వెల్త్ గ్రేడ్‌లో) తీసుకోబోయే క్లాసుల జాబితా తీసుకెళ్లి అడ్మిషన్స్‌లో చూపిస్తాడు. వాళ్లు "పరవాలేదు", "కష్టం" ఇలా ఏదో ఒకటి చెబుతారు. ఆ జవాబు వచ్చాక కూడా అది సీటు కాదు. చదువు అడ్డం రాదు అని మాత్రమే.

దాని తర్వాత కోచ్ మీ పిల్లని తన పరిమిత జాబితాలో పెడతాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. కొన్ని చోట్ల దాన్ని స్లాట్ అంటారు, కొన్ని చోట్ల టిప్ అంటారు, కొన్నిచోట్ల ఉత్త "సపోర్ట్" అంటారు. ఒక్కో కాలేజీలో దాని బరువు ఒక్కోలా ఉంటుంది. ఉదాహరణకి ఎంఐటీలో కోచ్‌కి స్లాట్లు లేవు, ఒక మంచి మాట రాయగలడు, అంతే, మిగతాదంతా అందరితో పాటే. కాబట్టి ప్రీ-రీడ్ అయ్యాక పిల్ల ఈ మాటలు అడగాలి, ఇదే వరసలో: "నా ప్రీ-రీడ్ ఎలా వచ్చింది? నేను ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేస్తే మీ పూర్తి సపోర్ట్ ఉంటుందా? మీ పూర్తి సపోర్ట్ ఉండి, ప్రీ-రీడ్ బాగుండి కూడా సీటు రాని పిల్లలు గత కొన్నేళ్లలో ఉన్నారా?"

మూడో ప్రశ్న దగ్గర కోచ్ కాసేపు ఆగితే ఆ ఆగడమే జవాబు. "ఒక్కరూ లేరు" అనడానికీ "అది అడ్మిషన్స్ చేతుల్లో ఉంటుంది కదా" అనడానికీ ఎంత తేడా ఉందో వినేవాళ్లకి తెలుస్తుంది. ఎర్లీ డెసిషన్ అంటే సీటొస్తే చేరి తీరాలి. అంత పెద్ద పందెం పెట్టే ముందు "మేం నీకోసం ప్రయత్నిస్తాం" అన్న మెత్తటి మాట సరిపోదు. "సపోర్ట్ చేస్తున్నాను, నువ్వు నా లిస్టులో ఉన్నావు" అన్న మాట కావాలి, వీలైతే మెయిల్లో. ఐవీల్లో అక్టోబరు 1 నుంచి లైక్లీ లెటర్ అని, సీటు దాదాపు ఖాయమని చెప్పే ఉత్తరం అడ్మిషన్స్ ఆఫీసు ఇస్తుంది, అది చేతికొస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. అదైనా సీనియర్ ఏడాది మార్కులు జారనంత వరకే.

2019 మార్చిలో బయటపడిన వార్సిటీ బ్లూస్ కేసు గుర్తుండే ఉంటుంది, ఆడని పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించి, కోచ్‌లకి డబ్బులిచ్చి సీట్లు తెచ్చుకున్నారు. ఆ తర్వాత చాలా కాలేజీల్లో కోచ్ ఇచ్చిన పేర్లని వేరేవాళ్లు కూడా సరిచూస్తున్నారు. కాబట్టి రేటింగులో, రికార్డులో ఒక్క పాయింటు కూడా పెంచి రాయకండి. కన్సల్టెంట్ "కోచ్ నాకు బాగా తెలుసు, మాట్లాడతాను" అని డబ్బడిగితే తలుపేసేయండి.

డివిజన్ 1, 2 కి వెళ్లేవాళ్లు ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు కావాలి. డివిజన్ 1 కి 16 కోర్ కోర్సులు (ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు లాంటివి), వాటిలో కనీసం 2.3 జీపీఏ, వాటిలో 10 సీనియర్ ఏడాది మొదలయ్యేలోపే అయిపోవాలి. మన పిల్లలకి జీపీఏతో ఇబ్బంది ఉండదు, ఆన్‌లైన్‌లో తీసుకున్న కోర్సు ఒప్పుకోకపోవడంతో ఉంటుంది. నైన్త్‌లోనే స్కూల్ కౌన్సెలర్‌ని అడగండి.

డబ్బు, మాట, సంతకం

కోచ్ నోటితో "నీకు చోటుంది" అంటే, పిల్ల "వస్తాను" అంటే, దాన్ని వెర్బల్ కమిట్‌మెంట్ అంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో పెట్టుకోవచ్చు, బంధువులకి వాట్సాప్‌లో పంపొచ్చు, కానీ దానికి రెండు వైపులా కట్టుబాటు లేదు. నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒకప్పుడు సంతకం చేసేవారు, 2024 అక్టోబరులో దాన్ని తీసేశారు, ఇప్పుడు స్కాలర్‌షిప్ ఒప్పంద పత్రమే అసలుది. అందులో ఎంత, ఎన్నేళ్లకి, ఏమేం కలిపి అన్నది చదివి సంతకం పెట్టండి.

లెక్కలు కూడా మారాయి. ఇంతకు ముందు డివిజన్ 1 టెన్నిస్‌లో అబ్బాయిల టీమ్ మొత్తానికి 4.5, అమ్మాయిలకి 8 స్కాలర్‌షిప్పులు మాత్రమే ఉండేవి. 2025 జూన్‌లో హౌస్ కేసు (ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసింది) ఒప్పందాన్ని కోర్టు ఒప్పుకున్నాక, అందులో చేరిన కాలేజీలకి ఆ పరిమితి పోయి, దాని బదులు రోస్టర్ పరిమితి వచ్చింది, టెన్నిస్‌కి 10 మంది. డబ్బు ఎక్కువ ఇవ్వొచ్చు, ఇవ్వాలని లేదు. పైగా ఊరికే టీమ్‌లో ఉంచుకునే పదకొండో పిల్లకి చోటు పోయింది. అందుకే ఇప్పుడు కోచ్‌ని అడగాల్సిన మాట: "మీ కాలేజీ ఆ ఒప్పందంలో చేరిందా? నాకిచ్చేది స్కాలర్‌షిప్పా, రోస్టర్ స్థానమా? రెండో ఏడాది కూడా ఉంటుందా?" ఈ ప్రశ్నలు అమ్మానాన్నలు అడగొచ్చు. సిగ్గుపడకండి, బేరం కాదు ఇది. ఆటకి డబ్బివ్వని చోట కాలేజీ సైటులో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోగా మనం ఎంత కట్టాలో అంచనా చెప్పేది) నింపి, ఆర్థిక సాయం లెక్క కూడా ముందే చూడగలరా అని కోచ్‌ని అడగండి. ఎర్లీ డెసిషన్ ఫారం మీద సంతకం పెట్టాక డబ్బు గురించి ఆలోచిస్తే కొంప మునుగుతుంది.

"శుక్రవారంలోగా చెప్పు" అని కోచ్ తొందరపెడితే భయపడకండి, గడువు పెంచమని ఒకసారి అడగొచ్చు, కారణం చెప్పి: "వచ్చే వారం ఇంకో కాలేజీ చూడ్డానికి వెళ్తున్నాం, పదిహేనో తేదీకి కచ్చితంగా చెబుతాను." చాలామంది ఇస్తారు. ఇవ్వకపోతే, ఆ నాలుగేళ్లు ఎలా ఉంటాయో కూడా కాస్త తెలిసినట్టే.

చెడ్డ వార్తలు కూడా పిల్లే చెప్పాలి

భుజం నొప్పితో మా అమ్మాయి ఆరు వారాలు ఆడలేదు. దాచేద్దాం, రేటింగు ఎలాగూ నెమ్మదిగా పడుతుంది అన్నాను నేను. తను వినకుండా అప్పటికి మాట్లాడుతున్న నలుగురు కోచ్‌లకి మూడు లైన్లు రాసింది: ఏమైంది, డాక్టర్ ఏమన్నాడు, ఎప్పుడు మొదలుపెడతాను. ఇద్దరు తర్వాత కనబడలేదు. ఒకాయన తన టీమ్ ట్రైనర్ చేయించే వ్యాయామాల జాబితా పంపాడు. తను చివరికి చేరింది ఆ కాలేజీలోనే.

చేరేది తేలాక మిగతా కోచ్‌లకి వెంటనే చెప్పాలి, ఇది మనవాళ్లు బాగా ఎగ్గొడతారు. ఇబ్బందిగా ఉంటుందని మెయిల్‌కి జవాబివ్వడం మానేస్తారు. అవతల ఆ కోచ్ మీ పిల్ల కోసం ఒక స్థానం పట్టుకుని కూర్చుని ఉండొచ్చు, ఆ స్థానం కోసం ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల ఎదురుచూస్తూ ఉండొచ్చు. అదీ కాక రేపు కోచ్ మారిపోయి, టీమ్ నచ్చక వేరే కాలేజీకి మారాల్సి వస్తే తలుపు తట్టాల్సింది వీళ్లదే. దగ్గరగా మాట్లాడినవాళ్లకి ఫోన్ చేసి చెప్పాలి, మిగతావాళ్లకి మెయిల్ చాలు. మా అమ్మాయి ఆ ఫోన్లు మూడు చేసింది, ఒక్కోటి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, దానికి ముందు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఒక కోచ్ "ఫోన్ చేసి చెప్పావు, థ్యాంక్స్, చాలామంది చేయరు" అని పెట్టేసింది. తను గదిలోంచి బయటికొచ్చి షీటులో ఆ వరస మీద తనే గీత కొట్టింది.